వెనక కొక్కెం

ఆ వీడియో నిడివి నలభై రెండు సెకన్లు. సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకు ఆటోనగర్‌లో తన షెడ్డు ముందు నిలబడి ఆమోసు దాన్ని మూడోసారి చూశాడు. షట్టరు ఇంకా సగమే లేచి ఉంది.

వీడియోలో లక్ష్మీకాంత్ కూచిపూడి అవతల మురుగు కాలవ గట్టు మీద నిలబడి ఉన్నాడు. అతనికి పటమటలో రొయ్యల మేత డీలర్‌షిప్ ఉంది. గట్టు కింద అతని డబుల్ క్యాబిన్ పికప్ ముక్కు నీళ్ళలో పెట్టి, వెనక భాగం గట్టు వైపు పెట్టి దిగబడి ఉంది. వెనక ఎడమ చక్రం ఉండాల్సిన చోటి నుంచి రెండడుగులు బయటికి వచ్చింది. ఇరుసుకు చుట్టిన గొలుసు పక్కనున్న ట్రాక్టరు దాకా ఉంది.

"ఫ్రెండ్స్, చూడండి. ఆటోనగర్‌లో నాలుగు నెలలు తిరిగి చేయించుకున్న లాంగ్ ట్రావెల్ సస్పెన్షన్ ఇది. ఒక్క లాగుడికి ఊడొచ్చేసింది. ఒక మనిషి కాలు విరిగింది. ఆమోసు వెల్డింగ్, ఆమోసు వెల్డింగ్ అంటారే, ఇదీ ఆమోసు వెల్డింగ్. మీరెవరూ మోసపోకండి."

అప్పటికి పదకొండు వేల మంది చూశారు.

ఆమోసుకు యాభై మూడేళ్ళు. ముప్పై ఏళ్ళ కింద లారీ బాడీలకు వెల్డింగ్ చేస్తూ ఆటోనగర్‌లో చేరాడు. పదేళ్ళ నుంచి జీపులకూ పికప్పులకూ సస్పెన్షన్లు మారుస్తున్నాడు. బరువు మోసే కమాన్‌పట్టీలు తీసేసి, ఇరుసును నాలుగు ఇనప రాడ్ల మీద నిలబెట్టి, పొడుగు స్ప్రింగులు పెడతాడు. అప్పుడు చక్రం గుంతలోకి పద్నాలుగు అంగుళాలు దిగినా పైన బండి ఒరగదు. అతని షెడ్డుకు బోర్డు లేదు. వచ్చేవాళ్ళు పేరు విని వస్తారు.

తొమ్మిదింటికి ఏలూరు నుంచి ఒకతను ఫోన్ చేశాడు. తన జీపు వచ్చే వారం తేవాల్సి ఉంది. తేవడం లేదన్నాడు. కారణం చెప్పలేదు. ఆమోసు అడగలేదు.

తొమ్మిదింబావుకు శౌరయ్య వచ్చాడు. అతనిది భవానీపురం. చెడిపోయిన బండ్లను లాక్కొచ్చే టోయింగ్ లారీ ఒకటి ఉంది, అతనే నడుపుతాడు.

"ఏంటి బావా, ఒక్క రాత్రిలో ఫేమస్ అయిపోయావ్? మా ఆవిడ కూడా చూసింది. ఈయన మీ ఫ్రెండే కదా అంది. ఎవరో నాకు తెలీదన్నా."

"నోర్మూసుకుని లారీ తిప్పు."

"ఎక్కడికి?"

"కూచిపూడి దాటాక కాలవ గట్టు. బండి ఇంకా అక్కడే ఉంది."

"ఆయన పిలవలేదు గదా?"

"నా వెల్డింగ్ ఊడిందంటన్నాడు. నేను చూడాలి. పిలిస్తే ఏంటి, పిలవకపోతే ఏంటి?"

ఆమోసు లారీలోకి జనరేటరు ఎక్కించాడు. వెల్డింగ్ మిషను, గ్రైండరు, గ్యాస్ కట్టరు ఎక్కించాడు. పన్నెండు మిల్లీమీటర్ల ప్లేటు ముక్క ఒకటి, లావు కడ్డీ ఒకటి పడేశాడు. అవెందుకని శౌరయ్య అడిగాడు. ఆమోసు తలుపు గట్టిగా వేశాడు.

బందరు రోడ్డు మీద వాన పడుతోంది. ఉయ్యూరు దాటాక శౌరయ్య మొదలుపెట్టాడు.

"ఏప్రిల్లో ఆ బండిని నీ షెడ్డులోంచి లాగింది నేనే. నీ కొక్కేనికే తగిలించి లాగాను. అప్పుడేమీ ఊడలేదే."

ఆమోసు షెడ్డులో ఒక పద్ధతి ఉంది. పని పూర్తయిన బండి అక్కడి నుంచి ఇంజను మీద బయటికి వెళ్ళదు. బండి అడుగు చట్రానికి, అంటే చాసిస్‌కు, ముందొకటి, వెనకొకటి కొక్కేలు వెల్డింగ్ చేసి, ఎర్ర రంగు వేసి, బండి ఓనర్ని పక్కన నిలబెట్టి, శౌరయ్య లారీకి కట్టి, బండికి బ్రేకు వేసి ఉంచి లాగిస్తాడు. ముందు నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి. చక్రాలు రోడ్డు మీద గీతలు పెడుతూ కదిలాకే తాళం ఇస్తాడు. "ఎక్కడ దిగబడ్డా ఈ ఎర్ర దానికే తగిలించండి. ఇరుసు జోలికి పోవద్దు," అని చెబుతాడు. మామూలు బండికి ఇరుసును కమాన్‌పట్టీలతో బోల్టులు వేసి బిగిస్తారు. ఇరుసు పట్టి లాగితే బండి వెంట వస్తుంది. ఆమోసు చేసే బండిలో ఇరుసుకు ఆధారం నాలుగు రాడ్లు, వాటిని చాసిస్ మీద పట్టి ఉంచే బ్రాకెట్లు. పక్క నుంచి లాగితే బరువంతా ఒక్క బ్రాకెట్ మీద పడుతుంది.

"వెనక కొక్కెం ఉండగా ట్రాక్టరు వాడు ఇరుసుకెందుకు కట్టాడు బావా? బుద్ధి లేదా?" అన్నాడు శౌరయ్య.

ఆమోసు కిటికీలోంచి బయటికి చూశాడు. ఆ ప్రశ్నకు జవాబు అతనికి వీడియో చూసినప్పుడే తెలుసు.

గట్టు దగ్గరికి చేరేసరికి పదకొండు దాటింది. పొలాల్లో నాట్లకు ముందు దమ్ము చేస్తున్నారు. ఇనప దమ్ము చక్రాల ట్రాక్టరు ఒకటి గట్టు పక్కన మనిషి లేకుండా ఆగి ఉంది. లక్ష్మీకాంత్ గొడుగు పట్టుకుని ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఆమోసును చూసి ఫోన్ పెట్టేశాడు.

"ఏం మొహం పెట్టుకుని వచ్చావు?"

"ఉన్న మొహమే అండీ. పదకొండు వేల మందికి చూపించారుగా, గుర్తుపడతారేమో చూద్దామని తెచ్చా."

"వెటకారమా? మనిషి కాలు విరిగింది ఆమోసూ. తెలుసా?"

"తెలుసు. పక్కకి జరగండి."

ఆమోసు గట్టు దిగాడు. బురద మోకాళ్ళ దాకా వచ్చింది. వెనక చక్రం పక్కన వంగి, చేత్తో బురద తుడిచి, టార్చి వేశాడు. ఎడమ వైపు బ్రాకెట్ చాసిస్ నుంచి వచ్చేసింది. దాని చుట్టూ వెల్డింగ్ కుట్టు మొత్తం ఉంది. కుట్టు అవతల చాసిస్ ఇనుము చిరిగి, అరచెయ్యంత ముక్క బ్రాకెట్‌తో పాటు వచ్చింది. ఇరుసుకు గొలుసు ఇంకా చుట్టి ఉంది.

"రండి. కిందికి రండి," అని అరిచాడు. "ఇదుగో కుట్టు. ఎక్కడ ఊడిందో చూపించండి. కుట్టు ఊడలేదు, బండి కంపెనీ ఇచ్చిన చాసిస్ చిరిగింది. గొలుసు ఎక్కడ కట్టి ఉందో చూడండి. కళ్ళున్నాయా మీకు? ఇది చూడకుండా నా పేరు పెట్టి వీడియో తీస్తారా?"

లక్ష్మీకాంత్ దిగలేదు. గట్టు మీద నుంచే వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. బండ్ల గురించి అతనికి తెలుసు, చూపిస్తున్నదేమిటో అర్థమైంది. గొంతు తగ్గించాడు.

"సరే ఆమోసూ. కోపంలో అన్నాను. నీ వెల్డింగ్ బానే ఉంది, తప్పు ట్రాక్టరు డ్రైవరుది అని ఇంకో వీడియో పెడతా. గొలుసు ఇరుసుకు కట్టింది రత్తయ్యే కదా. కనపడుతూనే ఉంది. నీ పేరు నీకొచ్చేస్తుంది. సరేనా?"

శౌరయ్య గట్టు మీద నుంచి, "బావా, అయిపోయింది గదా. ఒప్పేసుకో," అన్నాడు.

ఆమోసు బురదలో నిలబడే ఉన్నాడు. ఉదయం నుంచి అతను అడగాలనుకున్నది అదే. ఎదుటివాడు అడక్కుండానే ఇస్తున్నాడు.

అప్పుడు గట్టు మీదికి ఒకావిడ వచ్చింది. నెత్తిన యూరియా సంచి కప్పుకుని ఉంది. ఆవిడ రత్తయ్య భార్య, ఆదెమ్మ.

"గొలుసు కోసం వచ్చానండీ. అది మాది కాదు, మా మరిది వాళ్ళది. వాళ్ళు అడుగుతున్నారు."

"రత్తయ్యకి ఎలా ఉంది?" అన్నాడు లక్ష్మీకాంత్.

"బందరు ఆసుపత్రిలో ఉన్నాడండీ. మడమ పైన రెండు చోట్ల విరిగిందంట. మూడు నెలలు కాలు కింద పెట్టకూడదన్నారు. ఇది దమ్ముల కాలం. మాకు ఏడాదికి ఉండేదే ఈ నలభై రోజులు." ఆవిడ బురదలో ఉన్న ఆమోసు వైపు తిరిగింది. "మీరేనా ఈ బండి చేసింది?"

"నేనేనమ్మా."

"అయితే మీరు చెప్పండి. నిన్నటి నుంచి అందరూ మా ఆయన్నే అంటున్నారు. ఇరుసుకెందుకు కట్టాడు, బుర్ర లేదా అని. ఎక్కడ తగిలించాలండీ అని ఆయన ఈ బాబుని రెండుసార్లు అడిగాడు. నేను ఇక్కడే ఉన్నా. ఎక్కడో ఒకచోట తగిలించవయ్యా, వీడియో ఆన్‌లో ఉంది అన్నాడు ఈ బాబు. ఊళ్ళో వడ్ల లారీ దిగబడితే ఇరుసుకే కడతాం. ఈయనా అట్టాగే కట్టాడు. ఒకసారి లాగి, గొలుసు బిగిసిందో లేదో చూద్దామని దిగాడు. అప్పుడు చక్రం వచ్చి కాలి మీద పడింది. తప్పు కట్టాడనే అనుకుందాం. మరి దేనికి కట్టాలి? చూపించండి."

ఆమోసు బండి వెనక భాగం చూశాడు. నల్ల బంపరు, దాంట్లో ఆరు లైట్లు. బంపరు కింద చాసిస్ నున్నగా ఉంది. గొలుసు తగిలించడానికి ఏమీ లేదు.

మే నెలలో లక్ష్మీకాంత్ ఆ బంపరు తెచ్చాడు. కొక్కెం అడ్డొస్తోంది, కోసెయ్యమన్నాడు. ఆమోసు ఒప్పుకోలేదు. "నువ్వు కొయ్యకపోతే పక్క షెడ్డులో కోయించుకుంటా," అన్నాడు లక్ష్మీకాంత్. తను పని చేసిన చాసిస్ మీద ఇంకొకడు గ్యాస్ కట్టరు పెట్టడం ఆమోసుకు పడదు. తనే కోశాడు. గ్రైండరు పట్టి, రంగు వేసి, అక్కడ ఏదైనా ఉండేదని ఎవరికీ తెలియకుండా చేశాడు. బాగా వచ్చిందని లక్ష్మీకాంత్ మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలుకు ఆమోసు నవ్వాడు కూడా. ఇప్పుడది గుర్తొచ్చింది.

"శౌరయ్యా, గ్రైండరు దించు. జనరేటరు ఆన్ చెయ్యి," అన్నాడు.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు లక్ష్మీకాంత్.

ఆమోసు బ్యాటరీ తీగలు తప్పించాడు. బంపరు బోల్టులు విప్పాడు. రెండు బోల్టులు తుప్పు పట్టి రాలేదు, వాటిని కోశాడు. బంపరు బురదలో పడింది. రెండు లైట్లు పగిలాయి.

"ఏయ్! అది ఇంపోర్టెడ్! నీకేమన్నా పిచ్చా?"

"వీడియో తియ్యండి. మీకు అలవాటే కదా."

లక్ష్మీకాంత్ తియ్యలేదు. ఆమోసు తన ఫోన్ శౌరయ్యకు ఇచ్చాడు. చాసిస్ మీద రంగును గ్రైండరుతో తీశాడు. నలుపు పోయి, దాని కింద ఎరుపు కనిపించి, అదీ పోయి, ఇనుము బయటపడింది. అందులో అర్ధచంద్రం ఆకారంలో పాత వెల్డింగ్ మచ్చ కనిపించింది. ఆమోసు ఫోన్ వైపు తిరిగాడు.

"నా పేరు ఆమోసు. ఆటోనగర్. ఈ బండి చేసింది నేనే. వెనక ఇక్కడ కొక్కెం ఉండేది. బంపరుకి అడ్డమని ఓనర్ గారు తీసెయ్యమన్నారు. తియ్యకూడదని నాకు తెలుసు. తెలిసే కోశాను. అది ఉంటే రత్తయ్య గారు దానికే తగిలించేవారు. ఆయన అడిగారు. చూపించడానికి ఇక్కడ ఏమీ లేదు. ఆయన తప్పు లేదు. నాతో ఇలా కొక్కేలు తీయించుకున్నవాళ్ళు ఇంకా ఇద్దరున్నారు. మీరెవరో మీకు తెలుసు. బండ్లు తీసుకురండి, మళ్ళీ పెడతాను."

"ఆపు," అన్నాడు లక్ష్మీకాంత్. "శౌరయ్యా, ఆపవయ్యా."

శౌరయ్య ఆపలేదు. "ఇంకేమన్నా చెబుతావా బావా?" అన్నాడు.

"చాలు. పంపించు."

"ఎవరికి?"

"అందరికీ."

లక్ష్మీకాంత్ గట్టు దిగాడు. చెప్పులు బురదలో ఉండిపోయాయి. "నేను పెట్టింది తీసేస్తున్నా. ఇదుగో, నీ కళ్ళ ముందే తీసేస్తున్నా. నువ్వూ పెట్టకు. నా మీద కేసు పడుతుంది."

"నా మీదా పడుతుంది."

"బుర్ర ఉండే మాట్లాడుతున్నావా? నీ పేరు నిలబెడతానంటే వద్దంటావేంటి?"

"నిన్న పదకొండు వేల మందికి నా పేరు చెప్పారు. ఇప్పుడు రత్తయ్య పేరు చెబుతానంటున్నారు. బంపరు పెట్టించుకున్నవాడి పేరు ఒక్కసారైనా చెప్పారా? తప్పుకోండి అక్కణ్ణించి. నిప్పురవ్వలు పడతాయి."

ఆమోసు కడ్డీని వేడి చేసి వంచాడు. ప్లేటుకు అతికాడు. ప్లేటును పాత మచ్చ మీద పెట్టి వెల్డింగ్ మొదలుపెట్టాడు. ఆదెమ్మ నెత్తిన ఉన్న సంచి తీసి, వెల్డింగ్ మీద వాన పడకుండా పట్టుకుంది. గంట పట్టింది. గ్రైండరు పట్టలేదు, రంగు వెయ్యలేదు. ఇరుసుకు చుట్టి ఉన్న గొలుసు విప్పి ఆదెమ్మకు ఇచ్చాడు. ఊడిన ఇరుసు జారకుండా దాన్ని తన గొలుసుతో చాసిస్‌కు కట్టాడు. శౌరయ్య లారీ మీద బండ్లను లాగే వించి నుంచి తీగ తెచ్చి కొత్త కొక్కేనికి తగిలించాడు.

"ఎవరూ దగ్గర ఉండొద్దు," అని ఆమోసు అరిచాడు. ఆదెమ్మను ట్రాక్టరు అవతలికి పంపాడు. లక్ష్మీకాంత్‌ను పంపడానికి రెండుసార్లు అరవాల్సి వచ్చింది.

వించి తిరిగింది. తీగ బిగిసింది. పికప్ కొంతసేపు కదల్లేదు. తరవాత బురద వదిలి, వెనక్కి, గట్టు మీదికి వచ్చింది. కొక్కెం వంగలేదు.

ఆదెమ్మ దగ్గరికి వచ్చి దాన్ని చేత్తో పట్టుకోబోయింది. వేడిగా ఉందని ఆమోసు ఆపాడు.

"ఇది నిన్న ఉండుంటే..." అంది.

"అవునమ్మా."

"ఇంతేనా? గంట పనేనా?"

ఆవిడ కాసేపు అతని మొహంలోకి చూసింది. గొలుసు భుజాన వేసుకుని గట్టు వెంట వెళ్ళిపోయింది. దాని కొస నేల మీద ఈడుస్తూ వెళ్ళింది. కొంత దూరం పోయాక ఆగి, వెనక్కి తిరిగి, గట్టిగా అడిగింది.

"ఆ ట్రాక్టరు ఎవరు నడుపుతారు ఇప్పుడు? రేపు మా చేలో దమ్ము ఎవరు చేస్తారు?"

లక్ష్మీకాంత్ ఫోన్ చూసుకుంటున్నాడు. ఆమోసు ఆదెమ్మ వైపు చూశాడు.

"రేపు ఆరింటికి వస్తానమ్మా," అన్నాడు.

"నీకు ట్రాక్టరు నడపడం వచ్చా బావా?" అన్నాడు శౌరయ్య మెల్లగా.

"రాదు. నువ్వు వస్తున్నావు."