ఉమ్మేసిన గుక్క

మెట్లెక్కి తలుపు తీయగానే వంటింట్లో ఏదో చచ్చిపడి ఉందనుకున్నాను. వాసన అలా ఉంది మరి. ఫ్రిజ్ వెనక ఎలుక చేరిందా, సింకు గొట్టంలో ఏదైనా కుళ్లిందా అనుకుంటూ చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని వెళ్లి చూస్తే చచ్చినదేదీ లేదు. మా తోటికోడలు కాక్‌టెయిల్ చేస్తోంది.

ఆ రోజు మామగారి పుట్టినరోజు. బయట దొరికేవన్నీ రంగునీళ్లేననీ, మంచి పళ్లతో, తేనెతో, చిటికెడు పంచదార కూడా పడకుండా ఇంట్లోనే చేస్తాననీ తను వారం నుంచి చెవిలో జోరీగలా చెబుతూనే ఉంది. మా ఇంట్లో తన పేరు ఆరోగ్యమ్మ. పెట్టింది నేనే. కూరల్లో ఉప్పు తగ్గించిందీ, నూనె డబ్బాను అటకెక్కించిందీ తనే. ఆ పూట మాత్రం దయతలచి పళ్లరసంలో కొంచెం తెల్ల రమ్ము పోయడానికి ఒప్పుకుంది.

గట్టు మీద అనాస ముక్కలు, నారింజ తొనలు, దానిమ్మ గింజలు, పుదీనా కట్ట, అల్లం, తేనె సీసా. కంటికి ఇంపుగానే ఉన్నాయి. కంపు మాత్రం భరించలేకపోయాను.

"సమయానికి వచ్చారక్కా. మీరు రుచి చూసి చెబితే గానీ నాకు ధైర్యం రాదు," అంది.

ఎవరికీ రాదు. నా ఉద్యోగమే అది. పళ్లరసాల ఫ్యాక్టరీలో రుచి చూస్తాను. నోట్లో పోసుకుని, నాలుకంతా తిప్పి, ఉమ్మేస్తాను. ఇరవై ఏళ్లుగా ఉమ్మి సంపాదించినదాన్ని. రసం పులవడం మొదలైందా, పీపాలో ఇనుము వాసన పట్టిందా, బూజు పట్టిన పండు ఒక్కటి కలిసిందా, అన్నీ చెప్పేస్తాను. మా దగ్గర నియమం ఒకటుంది. బల్ల దగ్గర కూర్చున్న వాళ్లలో ఏ ఒక్కరు వద్దన్నా సరుకు గేటు దాటదు. మిగతా అందరూ బాగుందన్నా సరే. ఆ బల్లకు పెద్దగా ఉన్నాయన ఈ నెలలో దిగిపోతున్నాడు. మర్నాడు ఉదయం ఆ కుర్చీ ఎవరిదో తేల్చడానికి పరీక్ష. మూతలేసిన కప్పులు వరసగా పెడతారు, ఏది మంచిదో ఏది చెడ్డదో చెప్పాలి. ఆ కుర్చీ నాదేనని ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు, నాకు అందరికంటే బాగా తెలుసు.

గ్లాసు అందుకున్నాను. అత్తగారూ, మామగారూ, మావారూ హాల్లోంచి వచ్చి, తలో గ్లాసు అందుకుని గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఒక్క గుక్క నోట్లో పోసుకున్నాను. ముందు కుళ్లిన ఉల్లిపాయ, దాని వెనకే కాలిన రబ్బరు, చివరికి నాలుక మొదట్లో మాగిన తడిబట్ట. అందరూ చూస్తుండగానే సింకులో ఉమ్మేశాను. ఉమ్మినా పోలేదు, నీళ్లు పుక్కిలించాను.

"ఛీ! ఏం పోశావే ఇందులో? ఆ అనాస ఎప్పటిది?"

"ఇవాళ పొద్దున్నే తెచ్చానక్కా..."

"కుళ్లిపోయింది! పుట్టినరోజు పూట ముసలాయనకు పెట్టేది ఇదా?"

మామగారు తన గ్లాసు ఖాళీ చేసి, మీసాలు తుడుచుకుని, ఇంకొంచెం పోయమన్నట్టు ముందుకు చాపాడు. అత్తగారు, "నాకు బాగానే ఉందమ్మా," అంది. మావారు గ్లాసు అడుగున మిగిలిన దానిమ్మ గింజల్ని వేలితో తీసుకుని తింటున్నాడు.

నా ఒళ్లు మండిపోయింది. మా ఇంట్లో ఉన్న పెద్ద జబ్బే ఇది. చిన్నకోడలు నొచ్చుకుంటుందని గడ్డి పెట్టినా బాగుందంటారు. నేను వండితే మాత్రం పప్పుకు నాలుగు వంకలు పెడతారు.

"మీ నాలుకలు చచ్చాయా, లేక మొహమాటమా?" అని అడిగాను.

"మొహమాటం దేనికి? బాగుంది కాబట్టి తాగాం," అన్నాడు మావారు. ఆయన మాట సరేసరి. పదిహేను రోజులుగా ఇంట్లో కాఫీ మాడిన బొగ్గు వాసన వేస్తుంటే, పొడి మార్చలేదని ఒట్టేసి మరీ వాదిస్తున్న మనిషి. స్నానం సబ్బు కూడా అంతే, పేరు అదే, కంపు వేరు. ఈ మధ్య ఏ సరుకు చూసినా ఇదే గతి. చాలా రోజులకు ఫ్యాక్టరీకి వచ్చిన నారింజ రసం కూడా అలాగే తగలడితే మొన్ననే మొత్తం ట్యాంకు వద్దని రాసిపారేశాను.

తోటికోడలు కొంగుతో చేతులు తుడుచుకుంటూ మెల్లిగా అడిగింది. "అక్కా, పోయిన నెల మీకు పట్టిన ఆ జలుబు పూర్తిగా తగ్గిందా?"

"ఎప్పుడో తగ్గింది! ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నీకు చేతకాక నా ముక్కు మీద పెడతావా?"

తన కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు జాలి కలగలేదు. చెడిన పండు కంటే, చెడిందని ఒప్పుకోని మనిషంటే నాకు ఎక్కువ అసహ్యం.

"తప్పుకో. ఎలా చేయాలో నేను చూపిస్తాను," అన్నాను.

వీధి చివరి పళ్ల కొట్టుకు నేనే వెళ్లాను. ఆకు లాగితే తేలిగ్గా ఊడి వచ్చే అనాస తీసుకున్నాను. చేతిలో బరువుగా ఆనే నారింజలు, తొక్క బిగుసుకున్న దానిమ్మ, ఆకు మీద మచ్చ లేని పుదీనా. వాసన చూసి కొందామంటే ఆ కొట్టు పక్కనే మురుగు కాలువ ఉన్నట్టుంది, ముక్కు దగ్గర పెట్టుకున్న ప్రతిదీ ఒకటే కంపు. కంటినీ చేతినీ నమ్ముకుని కొన్నాను.

ఇంటికొచ్చి జగ్గు, కత్తి, గంటె అన్నీ వేడినీళ్లతో కడిగాను. అనాస కళ్లు లోతుగా తీశాను. నారింజ గింజ ఒక్కటి నలిగినా చేదెక్కుతుందని ఒక్కో తొనా చీల్చి గింజలు ఏరాను. దానిమ్మను గుడ్డలో వేసి పిండాను. పుదీనాను నలపకుండా అరచేతుల మధ్య ఒక్కసారి చరిచాను. అల్లం తురిమి రసం మాత్రమే పోశాను. తేనె, నిమ్మరసం, ఐసు, చివరగా రమ్ము. తోటికోడలు పక్కనే నిలబడి, ఏ తప్పు చేసిందో తెలుసుకోవాలని నా చేతుల్నే చూస్తోంది. చెప్పాలంటే, ఒక్కటీ తేడా లేదు. తను చేసిందీ అలాగే.

జగ్గు హాల్లోకి తీసుకెళ్లి ముందు వాళ్లకు పోశాను. మామగారు కళ్లు మూసుకుని తాగాడు. అత్తగారు, "ఇది ఇంకా బాగుంది," అని మూతి చప్పరించింది. మావారు రెండో గ్లాసు నింపుకున్నాడు. చూశావా అన్నట్టు తోటికోడలి వైపు ఒక చూపు విసిరి, నా గ్లాసు ఎత్తాను.

కుళ్లిన ఉల్లిపాయ. కాలిన రబ్బరు. మాగిన తడిబట్ట.

పెదాలు బిగించి, నవ్వుతున్న మొహం పెట్టి, ఏదో గుర్తొచ్చినట్టు వంటింట్లోకి నడిచి సింకులో వదిలేశాను. కుళాయి గట్టిగా తిప్పాను, చప్పుడు వినపడకుండా.

తర్వాత ఒక్కొక్కటీ చూశాను. పుదీనా ఆకు నమిలాను, కంపు. తేనె వేలితో తీసి నాకాను, తీపి తగిలింది, వెంటనే రబ్బరు. ఉప్పు వేసుకుంటే ఉప్పే. నిమ్మకాయ పులుపు పులుపే. ముక్కు రెండు వేళ్లతో మూసుకుని నారింజ తొన కొరికాను. తియ్యగా, పుల్లగా, ఏ కంపూ లేకుండా ఉంది. వేళ్లు తీశాను. తడిబట్ట.

నాలుక బాగానే ఉంది. అబద్ధం చెబుతున్నది నా ముక్కు. జలుబు పోతూ పోతూ దాన్ని పాడుచేసి పోయింది. కాఫీ పొడి ఎవరూ మార్చలేదు. సబ్బు మారలేదు. కొట్టు పక్కన మురుగు కాలువ లేదు, ఆ వీధిలో ఇన్నేళ్లుగా తిరుగుతున్నాను కదా, ఎప్పుడూ లేదు.

అప్పుడు గుర్తొచ్చింది ఆ నారింజ ట్యాంకు. మా బల్ల పెద్దాయనకు ఫోన్ చేశాను.

"మొన్న నేను వద్దన్న నారింజ రసం ఉందా అండీ?"

"ఇంకెక్కడిదమ్మా, అదే రోజు పారబోయించాను."

"మీ అందరికీ ఎలా అనిపించింది?"

"నిజం చెప్పమంటావా? మా నలుగురికీ ఈ ఏడాది వచ్చిన వాటిలో అదే మేలనిపించింది. కానీ నువ్వు వద్దన్నావు. నీకు తెలిసింది మాకు తెలియలేదేమో అనుకున్నాం. నేనైతే ఆ రోజు నుంచి నా నోటినే అనుమానిస్తున్నాను."

నాకు అసహ్యం వేసింది. పండు మీద కాదు, నా మీద. ఎవరో చెట్టు చెట్టూ తిరిగి కోసిన కాయల్ని నేను ఒక్క గుక్కతో కాలువ పాలు చేశాను.

"మీ నోటికేం కాలేదండీ," అన్నాను. "రేపు నన్ను ఆ బల్ల దగ్గర కూర్చోనివ్వకండి. నా ముక్కు పోయింది."

"ఏమంటున్నావమ్మా? రేపు పరీక్ష..."

"అందుకే చెబుతున్నాను."

ఫోన్ పెట్టి తిరిగేసరికి తోటికోడలు గుమ్మంలో ఉంది. అంతా విన్నట్టుంది. తిడుతుందనుకున్నాను, తిట్టాల్సిందే కూడా. తను వచ్చి నా గ్లాసు చేతిలోంచి తీసుకోబోయింది.

"వద్దులెండి అక్కా, పారబోస్తాను."

"ఉండనీ. ఇవాళ్టికి పారబోసింది చాలు." గ్లాసు వదల్లేదు నేను. "ఇందులో ఏముందో చెప్పు. నీకు ఎలా ఉందో అలాగే."

నేను గ్లాసు తన నోటికి అందిస్తే ఒక గుక్క తాగి ఆలోచించింది. "ముందు నారింజ తగులుతుందక్కా. తొక్క వలిచాక చేతికి మిగులుతుంది చూడండి, ఆ వాసన. తర్వాత పుదీనా, చల్లగా. అల్లం గొంతు దిగేటప్పుడు కొంచెం మండుతుంది. అనాస చివర్లో వస్తుంది, అది చాలాసేపు ఉంటుంది."

"నన్ను ఓదార్చడానికి చెప్పకు."

"లేదక్కా." కాస్త వెనకాడి అంది, "తేనె ఎక్కువైంది. మీరు పోసిందే."

ఆ ఒక్క వంకతో మిగతాదంతా నిజమేనని నమ్మాను. గ్లాసు ఎత్తి నోటినిండా పోసుకున్నాను. కుళ్లిన ఉల్లిపాయే. కళ్లలో నీళ్లొచ్చాయి. సింకు పక్కనే ఉంది. ఉమ్మలేదు, మింగాను.

"మళ్లీ చెప్పు," అన్నాను. "నారింజ దగ్గర్నుంచి."