మాడకుండా వేసే మందు

పొగ లేవగానే రాజ్యం గరిటె పైకి తీసి స్టవ్ మంట తగ్గించింది. గిన్నెలో ప్లాస్టిక్ ద్రవం ముందు పాలలా ఉంటుంది, వేడెక్కితే గడ్డకడుతుంది, ఇంకా కాచితే కరిగి తేనెలా జారుతుంది. అక్కడ ఆపి అచ్చులో పోసెయ్యాలి. ఇవాళ తేనె దాటిపోయి బెల్లప్పాకం రంగుకి వచ్చేసింది. ఘాటు ముక్కులోంచి గొంతులోకి దిగింది. ఆమె కొంగు అడ్డం పెట్టుకుని, మొహం పక్కకి తిప్పి, నల్లరంగు సీసా అందుకుంది. నల్లరంగు వేస్తే మాడిందో లేదో ఎవరికీ తెలియదు. ఈ మధ్య ఆ షెడ్డులో తయారయ్యే చేపలన్నీ నల్లవే కావడానికి కారణం అదే.

చేపలంటే నిజం చేపలు కావు. గాలానికి గుచ్చే మెత్తటి ప్లాస్టిక్ చేపపిల్లలు. నీళ్ళలో లాగితే తోక ఆడిస్తూ ఈదుతున్నట్టుంటాయి. పండుగప్ప చేప మోసపోయి నోట కరుచుకుంటుంది. దిండి రిసార్టుకి హైదరాబాదు నుంచీ బెంగళూరు నుంచీ వచ్చేవాళ్ళకి ఇదో సరదా. పండుగప్పని పడతారు, గుండెలకి హత్తుకుని ఫొటో దిగుతారు, మళ్ళీ పదిలంగా నీళ్ళలో వదిలేస్తారు. చేప ప్రాణం మీద అంత దయ వాళ్ళకి. ఈ ప్లాస్టిక్ చేపని ఎవరు పోశారో, ఏ పొగలో నిలబడి పోశారో అడిగినవాడు మాత్రం ఇంతవరకూ ఒక్కడు లేడు.

షెడ్డు సాయిదుర్గాప్రసాద్‌ది. అతని తండ్రి హయాంలో అందులో కొబ్బరికాయలు వలిచేవారు. ప్రసాద్ యూట్యూబ్‌లో చూసి ఈ పని నేర్చుకున్నాడు. తెలివైనవాడే, కాదనలేం. ఏం కలిపితే ఏమవుతుందో అన్నీ తెలుసు. మెత్తబరిచే మందు వేస్తే తోక బాగా ఆడుతుంది. ఉప్పుపొడి వేస్తే చేపకి బరువూ రుచీ. తళుకు వేస్తే పొలుసులా మెరుస్తుంది. ఇవి కాక రొయ్య వాసన, వెల్లుల్లి వాసన సీసాల్లో వస్తాయి. మొదటిసారి ఆ సీసాలు చూసి రాజ్యం, "ఉల్లిపాయోటే తక్కువే బేబీ, ఇగురైపోద్ది" అంది. చేపల్ని కవర్లలో పెట్టి అతికించే బేబీ ఆ మాటకి పొద్దంతా నవ్వింది.

అన్నీ కొరియర్‌లో వేళకి వస్తాయి. రానిది ఒక్కటే, ప్లాస్టిక్ మాడకుండా వేసే మందు. వానలు మొదలైనప్పుడు ఆ సీసా అయిపోయింది. పైగా పాడైన చేపల్నీ తెగిన తోకల్నీ ప్రసాద్ మళ్ళీ గిన్నెలో వేసి కాయిస్తున్నాడు. ఒకసారి కాగింది రెండోసారి ఇంకా తొందరగా మాడుతుంది. ఆ మందు వేస్తే చేపకి రుచి పెరగదు, తోక కొత్తగా ఆడదు. కాచే మనిషికి పొగ తగ్గుతుంది, అంతే. మనిషికి మాత్రమే పనికొచ్చే వస్తువు కదా, అందుకే దానికి తొందర లేదు.

రాజ్యానికి యాభై నిండలేదు. చూసినవాళ్ళు అరవై అనుకుంటారు. సన్నగా, కొంచెం ముందుకి వంగి ఉంటుంది. పెళ్ళికి ముందు తండ్రి గాలాలకి బతికున్న రొయ్యలు గుచ్చి ఇచ్చేది. రొయ్య ప్రాణం పోకుండా ఎక్కడ గుచ్చాలో ఆయన నేర్పాడు. పెళ్ళయ్యాక రొయ్యల ఫ్యాక్టరీలో తలలు తీసింది. ఏళ్ళ తరబడి ఐసునీళ్ళలో నానిన వేళ్ళు, గోళ్ళు పుచ్చి, కొసలు మొద్దుబారిపోయాయి. వేడి గిన్నె పట్టుకున్నా చురుక్కుమనదు. అది చూసి ప్రసాద్, "మీ చెయ్యి ఈ పనికోసమే పుట్టిందండి పిన్నిగారూ" అన్నాడు. పొగిడానని అతని ఉద్దేశం. ఆవిడ కూడా నవ్వింది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

రెండు నెలలుగా పడుకుంటే దగ్గు. మొగుడు లోవరాజు రిసార్టు పడవ నడుపుతాడు. పొద్దంతా అతిథుల్ని పండుగప్పల దగ్గరికి తిప్పి, ఇంటికొచ్చి, పెళ్ళాం వీపుకి బియ్యం బస్తా ఆసరా పెట్టి కూర్చోబెడతాడు. ఆవిడ అలా కూర్చునే కునుకు తీస్తుంది. "ఈ పార్సిల్లో మందు రాకపోతే మానేస్తానని చెప్పెయ్యి" అని పొద్దున్న అతనే అన్నాడు. ఆవిడ సరేనంది.

మధ్యాహ్నం వాన తెరిపి ఇచ్చాక ప్రసాద్ బండి మీద వచ్చాడు. పార్సిల్ బల్ల మీద పెట్టి తనే విప్పాడు. ఆకుపచ్చ తళుకు. ఏదో కొత్త వాసన సీసా. రాజ్యం డబ్బాలోకి తొంగిచూసింది. అడుగున నలిపిన కాగితాలు తప్ప ఏమీ లేవు.

"మందు రాలేదాండి?"

"అయ్యో, మర్చిపోయేనండి పిన్నిగారూ. వచ్చే పార్సిల్లో గ్యారంటీగా తెప్పిస్తానండి."

"పోయినసారీ అదే అన్నారు. చేప వాసన మర్చిపోలేదు గదండి. తళుకు మర్చిపోలేదు. నేనొక్కదాన్నే మర్చిపోయే సరుకునాండి?"

ప్రసాద్ మొహం చిన్నబుచ్చుకున్నాడు. కోప్పడలేదు. ఈ గడ్డ మీద ఎవరూ కోప్పడరు, మర్యాదకి లోటు ఉండదు. గొంతు పిసికినా అండీ అనే పిసుకుతారు.

రాజ్యం క్యారియర్ గిన్నె తీసుకుని గుమ్మం దాకా నడిచింది. అక్కడ దగ్గొచ్చి ఆగింది. గుమ్మం పట్టుకుని నిలబడింది.

"అలా వెళ్ళిపోతే ఎలాగండీ?" వెనకాలే వచ్చాడు ప్రసాద్. "ఎల్లుండి రిసార్టులో గాలం పోటీలండి. ఈ ఒక్క గిన్నె పోసేసి వెళ్ళిపోండి. అయినా ఆ మందూ నూనేగాండి, తెల్లటి నూనె. ఓ గరిటెడు కొబ్బరినూనె పొయ్యండి, మాడదు. మనకి కొబ్బరినూనెకి కరువాండి?"

ఆ మాటకి ఆవిడ ఆగిపోయింది. నమ్మింది. అతను చెప్పాడని కాదు, కొబ్బరినూనెని నమ్మింది. పుట్టిన బిడ్డ మాడుకి అద్దేది అదే, ఉప్పునీటికి పగిలిన కాళ్ళకి రాసేది అదే, దగ్గొస్తే కర్పూరం వేసి కాచి రొమ్ముకి పట్టించేది అదే. దానివల్ల ఎవరికైనా చెడు జరగ్గా ఆవిడ చూడలేదు. ప్రసాద్ కూడా చూడలేదు. అందుకని అతన్ని వదిలెయ్యమంటారా? అసలు మందు ఏదో తెలిసినవాడు. ఫోనులో వేలు తాకిస్తే వచ్చే సీసా.

"ఆయ్, ఈ ఒక్క గిన్నేనండి" అంది రాజ్యం.

నూనె ప్లాస్టిక్‌లో కలవలేదు. పైన తెట్టులా తేలింది. ఎంత తిప్పినా తేలుతూనే ఉంది. కాసేపటికి అది కూడా కాగి తెల్లటి పొగ వదిలింది. ఘాటు పొగ, దాని మీద నూనె పొగ, రెండూ రేకుల కింద కమ్ముకున్నాయి. బేబీ కళ్ళు తుడుచుకుంటూ వరండాలోకి పరిగెత్తింది. ప్రసాద్ అప్పటికే ఫోను చెవిన పెట్టుకుని రోడ్డు మీదున్నాడు. రాజ్యం మటుకు గిన్నె దించి, అచ్చు దగ్గరికి లాక్కుని పొయ్యడం మొదలుపెట్టింది. కాగిన సరుకు వదిలేస్తే గిన్నెలోనే బిగుసుకుపోతుంది. ఒప్పుకున్న పని సగంలో వదలడం ఆవిడకి ఏ షెడ్డులోనూ అలవాటు కాలేదు.

పోస్తూ పోస్తూ గిన్నె కింద పెట్టింది.

"కాస్త గాలి పీల్చుకొస్తానే" అంది బేబీని దాటుకుంటూ.

కాలవ గట్టు మీద, తడిసిన కొబ్బరిమట్ట మీద కూర్చుంది. రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి నోరు తెరిచి గాలి లాక్కుంది. బేబీ మంచినీళ్ళు తెచ్చేసరికి గాలి లాక్కోవడం లేదు. తల ఒక పక్కకి వాలి ఉంది.

ఊళ్ళో డాక్టరు వచ్చి నాడి చూసి పెదవి విరిచాడు. లోవరాజుని పడవ మీద నుంచి పిలుచుకొచ్చారు. అతను లైఫ్ జాకెట్ విప్పకుండానే పెళ్ళాం పక్కన కూలబడ్డాడు. "పొద్దున్న మానేస్తానందండి" అన్నాడు, అడిగిన ప్రతివాడితోనూ అదే మాట.

ప్రసాద్ పెద్ద పూలదండ తెచ్చాడు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు కూడా. "పిన్నిగారికి ఎప్పట్నుంచో ఆయాసం ఉందండి" అని వచ్చిన అందరికీ వినయంగా చెప్పాడు. అందరూ తలూపారు. బేబీ ఊపలేదు. "మందు తెప్పించలేదండి మీరు" అంది, పదిమందిలో, గట్టిగా. ఎవరో ఆమె చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకుపోయారు. ఇలాంటప్పుడు ఆ మాటలేమిటి, తప్పు కదా అన్నారు. తప్పట!

పొద్దు వాలాక షెడ్డుకి తాళం వెయ్యడానికి బేబీ ఒక్కతే వెళ్ళింది. పొగ పోయింది. గిన్నెలో ప్లాస్టిక్ నల్లగా బిగుసుకుపోయి ఉంది. ఆమె అచ్చు రెండు పలకలూ విడదీసింది. లోపల నల్లచేప ఒకటి, తలా పొట్టా వచ్చి, తోక దాకా అందక, ఒళ్ళంతా కొబ్బరినూనె చెమరుస్తూ పడి ఉంది.