తాలు గుట్టలో భూమి

దగ్గరికి జరగండి. ఇంకాస్త. ఘాటుకు తుమ్ములొస్తే రానీయండి... మిరప కల్లం కథ తుమ్మకుండా ఎలా వింటారు?

ప్రత్తిపాడు అవతల, మార్చి ఎండ. నేలంతా ఎరుపు. కళ్ళు మూసుకున్నా ఎరుపే.

ఆ ఎరుపు మధ్య హెలెన్. నలభై ఏళ్ళుగా అదే పని. ఎర్రకాయల్లోంచి తెల్లబారిన తాలుకాయ ఏరి పక్కన పోయడం.

ఏరడం అందరూ ఏరతారు. హెలెన్ ఒక్కతే తాలు గుట్టను మళ్ళీ ఏరుతుంది.

నీలం టార్పాలిన్ పట్టా నీడలో మంచికాయ కూడా పాలిపోయినట్టు కనపడుతుంది. చెయ్యి పొరపడుతుంది. అందుకని ఆ గుట్టంతా ఎండలో పోసి, ఒక్కొక్క కాయా తిప్పి చూస్తుంది.

"పారేసేవాటికి కూడా ఇంత ముచ్చటా హెలెనూ?" అంటాడు కల్లం ఆసామి బుల్లయ్య.

"తప్పు కాయది కాదండీ, మీ పట్టాది!"

ఆ పట్టా కిందే మనవరాలు స్తుతి. ఒళ్ళో లాప్‌టాప్. దూరపు నక్షత్రాల చుట్టూ మన భూమంత లోకాలను వెతికే చదువు ఆమెది.

"కనపడతాయా అవి?" అడిగింది హెలెన్.

"కనపడవు అమ్మమ్మా. నక్షత్రానికి అడ్డంగా పోయినప్పుడు వెలుగు రవ్వంత తగ్గుద్ది. పదివేల పాళ్ళలో ఒక పాలు."

"ఓసి దేవుడా, అంతేనా!"

"అంతే. మూడుసార్లన్నా తగ్గాలి. సమానమైన ఎడంతో."

స్తుతి చూస్తున్న నక్షత్రం వెలుగు రెండుసార్లు తగ్గింది. మూడోది, ఆకాశంలో టెలిస్కోపు కుదుపుకు లోనైన గంటల్లో పడింది. ఆ గంటలన్నిటినీ కంప్యూటరు చెత్తలో వేసింది.

స్తుతి చెత్తలోకి దిగింది.

పక్క నక్షత్రాలన్నిటిలోనూ ఉన్న కుదుపును కొలిచింది. తన నక్షత్రం లెక్కలోంచి దాన్ని తీసేసింది. కుదుపు పోయింది.

తగ్గుదల పోలేదు. ఉండాల్సిన చోటే ఉంది.

మధ్యాహ్నం ఫోను మోగింది. ఆమెకు చదువు చెప్పే పెద్దసారు. స్పీకరులో గొంతు కల్లమంతా వినిపించింది.

"చెత్తలోంచి ఏరినదాన్ని కొత్త లోకాల జాబితాకు పంపితే నవ్వుతారమ్మా. తీసెయ్. పంపితే దాని మీంచి నా పేరు తీసెయ్. తప్పని తేలితే నీ చదువు అక్కడితో సరి."

హెలెన్ చెయ్యి ఆగింది. ఈ పిల్ల చదువు కోసం ఎన్ని ఎండలు... ఎన్ని మంటలు ఈ వేళ్ళకు... తీసెయ్యవే తల్లీ అనాలనిపించింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది.

దానికి బదులు గుట్టలోంచి ఇంకో కాయ తీసి, ఎండకు తిప్పింది.

స్తుతి అటే చూసింది.

"తీయనండి" అంది ఫోనుతో.

అవతల పెట్టేశారు. ఇవతల స్తుతి జాబితాకు పంపేసింది... తన ఒక్క పేరుతో.

"ఎప్పుడు తేలుద్దే?"

"వచ్చే కల్లాల నాటికి మళ్ళీ అడ్డం రావాలి అమ్మమ్మా."

"రానీ. అప్పటిదాకా ఎవడు ఆపుతాడో చూద్దాం దాన్ని."

వస్తుందో రాదో నాకూ తెలియదు. వస్తే దానికో అంకె ఇస్తారు, పెద్ద పెద్ద పేర్లు వచ్చి చేరతాయి. రాకపోతే ఒక్క గీత గీసి కొట్టేస్తారు.

ఏదైనా కానీయండి. మీరు మాత్రం గుర్తుంచుకోండి. మీ పిల్లలకు చెప్పండి —

అంత పెద్దాయన తీసెయ్ అన్నప్పుడు, ఒక పిల్ల తీయనండి అంది.