పరగడుపు పరీక్ష

మౌనిక చేతిలో నరం దొరకలేదు. కుడిచేతిలో రెండుసార్లు వెతికి, ఎడమచేతికి రబ్బరు గొట్టం బిగించి, నర్సు యశోదమ్మ తలెత్తకుండానే "లేదు మేడమ్" అంది. డాక్టర్ హేమావతి మంచం దగ్గరికి వచ్చింది. నరం దొరక్కపోవడం ఈ వార్డులో రోజూ ఉండేదే. మూడేళ్ళ పిల్ల అన్నిసార్లు సూది గుచ్చినా కయ్యిమనకపోవడం మాత్రం ఆమెకు నచ్చలేదు.

బయట వరండాలో ఇంకా ఏడెనిమిది మంది తల్లులు పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కూచున్నారు. పొద్దు నడినెత్తికి వస్తోంది. మామూలుగా అయితే తెల్లవారుజామునే ఆసుపత్రి జీపు పల్లెలు తిరిగి వీళ్ళను తీసుకొచ్చేది. ఎండ ఎక్కకముందే రక్తాలు తీసి, పిల్లలకు పాలు పట్టించేవాళ్ళు. ఇవాళ ఆ జీపు బెంగళూరు నుంచి వస్తున్న ప్రొఫెసర్ మార్కండేయ గారి కోసం అనంతపురం స్టేషనుకు పోయింది. రైలు ఆలస్యమైంది, జీపు అక్కడే నిలిచింది. తల్లులు బస్సులు పట్టుకుని, బస్టాండులో ఆటోలు మాట్లాడుకుని వచ్చారు. ఒక పెద్దమనిషి ఆటో ఎక్కకుండా ఉండటానికి పస్తున్న పిల్లలు ఎండలో పడి వచ్చారన్నమాట. ఆ సంగతి ఆసుపత్రిలో ఎవరికీ వింతగా తోచలేదు.

"గంగక్కా, పాప ఎప్పుడు తినింది?" అని అడిగింది హేమావతి.

గంగక్కది పామిడి దగ్గర పల్లె. వేరుశనగ మిల్లులో కాయలు వలిచే కూలి. ఇవాళ్టి మూడు వందలు పోగొట్టుకుని వచ్చింది. కొంగు సర్దుకుని, ఒప్పజెప్పిన పని బాగా చేసిన మనిషిలా నిలబడింది.

"నిన్న మధ్యాన్నం సంగటి పెట్టినా మేడం. అంతే. మల్ల మెతుకు ముట్టనీలే."

"రాత్రి?"

"రేత్రి యాడ పెడతా? ఒక్కపొద్దు గదా! అడిగింది, ఏడిచింది. ఒక్కపొద్దు చెడితే ఫలితం ఉండదని మా యత్త గట్టిగా చెప్పింది. నోరెండుకపోతాదని నీళ్ళు పోసి పుక్కిలిపిచ్చినా గానీ, గుటక మింగనీలే. పాపతో పాటు నేనూ తినలే."

యశోదమ్మ చేతిలో సూది ఆగిపోయింది. "అయ్యో పిల్లా! పరగడుపు అంటే తెల్లారినాక ఏమీ పెట్టొద్దని గదమ్మా! రేత్రి కడుపునిండా పాలు తాపి పండుకోబెట్టమని చెప్పినా గదా!"

"పోయిన తూరి జీపులో గుప్పెడు బొరుగులు తినిందని వెనక్కి తోలితిరి గదక్కా," అంది గంగక్క. "ప్యాకెట్లు గూడా ఇయ్యకుండా తోలితిరి. ఈ తూరి తప్పు చేయలే."

ఆ ప్యాకెట్లలో ఉండేది వేరుశనగ ముద్ద. గంగక్క లాంటివాళ్ళు వలిచిన పప్పు ఎక్కడికో పోయి, పాలపొడి, చక్కెర, నూనె కలుపుకుని, వెండిరంగు కవరులో తిరిగొచ్చేది. ఊళ్ళో దాన్ని మందు అంటారు. తిండికి మందని పేరు పెడితే తప్ప అది పేదపిల్ల నోటిదాకా రాని కాలం ఇది. ఇంతకంటే సిగ్గుచేటు ఇంకొకటి ఉంటుందా?

హేమావతిదీ పామిడే. తండ్రి నైటీలు కుట్టే దర్జీ. స్కాలర్‌షిప్పుల మీద డాక్టరయ్యి, పిల్లల వైద్యం చదివి, బెంగళూరులో మార్కండేయ ల్యాబులో చాలాకాలం పనిచేసింది. ఆకలికి ఎండిపోయిన పిల్లలు బరువు పెరిగి ఇంటికి పోయాక కూడా ఎందుకు చచ్చిపోతున్నారు? బతికి బట్టకట్టినవాళ్ళకు చిన్న వయసులోనే షుగరు ఎందుకు వస్తోంది? ఒకసారి కరువు చూసిన ఒళ్ళు తిన్న తిండిని ఎలా ఖర్చు పెట్టుకుంటోంది? ఇవీ ఆమె ప్రశ్నలు. వాటికి జవాబు పరగడుపు రక్తంలో ఉంది. మంచి ప్రశ్నలే, వాటికోసమే పెద్ద ఉద్యోగాలు కాదనుకుని ఈ ఎండల్లోకి తిరిగొచ్చింది. కానీ వాటి వెంట పడి పడి, ఆకలి ఆమెకు రక్తంలో తేలే ఒక అంకె అయిపోయింది. ప్యాకెట్లు తీసుకుని పరీక్షకు నిలవకుండా బస్సెక్కేవాళ్ళు ఎక్కువయ్యారని, రక్తం ఇచ్చినవాళ్ళకే ప్యాకెట్లు అన్న నియమం పెట్టింది ఆమే.

యశోదమ్మ మౌనిక వేలి కొన గుచ్చి షుగరు మిషన్లో చూసింది. మిషన్ అంకె కూడా చూపలేదు. మరీ తక్కువ అని మాత్రం చూపింది.

"చక్కెర తే. నాలుక కింద పెడదాం," అంది హేమావతి.

"ఆగమ్మా హేమా."

మార్కండేయ గుమ్మంలో ఉన్నాడు. స్టేషను నుంచి నేరుగా వార్డుకే వచ్చినట్టున్నాడు, చేతిలో సంచి కూడా కింద పెట్టలేదు. గంగక్క చెప్పిందంతా విన్నాడు.

"ఇంచుమించు రోజు పస్తు. ఇట్లాంటి శాంపిల్ ఎవరి దగ్గరా లేదు. ఇంతసేపు పస్తు పెడతామంటే ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంటుంది మనకు? మనం పెట్టలేదు, దానంతటదే వచ్చింది. చక్కెర పడిందంటే అంతా మారిపోతుంది. ముందు రక్తం తీయి. తొడ దగ్గర చూడు, నీ చేతికి దొరుకుతుంది."

ఆయన దుర్మార్గుడేం కాదు. ఈ వార్డులో పిల్లలకు పాలు ఎంత పలచన చేసి పట్టాలో చెప్పింది ఆయన పరిశోధనే. దానివల్ల ఎందరో బతికారు. అందుకే ఆయన మాటకు అంత బరువు. చెడ్డవాడు చెప్పి ఉంటే హేమావతి వినేది కాదు.

యశోదమ్మ చక్కెర చెంచా పట్టుకుని నిలబడింది. చక్కెర అందని మెదడు క్షణక్షణం దెబ్బతింటుందని హేమావతి ఏటా విద్యార్థులకు పాఠం చెబుతుంది. ఆ పాఠం ఇప్పుడు కూడా గుర్తుంది.

"కాలు పట్టుకో," అంది.

మొదటిసారి తప్పింది. రెండోసారీ తప్పింది. తర్వాత నల్లటి రక్తం మెల్లగా గొట్టంలోకి ఎక్కింది. మార్కండేయ దాన్ని తన చేత్తోనే అందుకుని ఐసులో పెట్టాడు. అప్పుడే మౌనిక కళ్ళు పైకి తేలిపోయాయి. చేతులు కొయ్యబారాయి, దవడ బిగిసింది, ఒళ్ళంతా కొట్టుకోవడం మొదలైంది. "పాపా! ఏమైందే పాపా!" అని గంగక్క మంచం మీద పడింది. హేమావతి అదే సూదిలోంచి గ్లూకోజు ఎక్కించింది.

కొట్టుకోవడం ఆగింది. కాసేపటికి మౌనిక కళ్ళు తెరిచింది. తల్లి పాప మొహం దగ్గర మొహం పెట్టి పిలిచింది, వేలు ఆడించింది. పిల్ల చూపు ఆ వేలి వెంట పోలేదు. ఆ చూపు మళ్ళీ వస్తుందో రాదో ఈ పూట ఏ డాక్టరూ చెప్పలేడు.

గంగక్క కళ్ళు తుడుచుకుంది. "నిద్దరొస్తాండాదేమో," అని తనకు తానే చెప్పుకుని, హేమావతి వైపు తిరిగింది. "పరీక్ష బాగా వచ్చినాదా మేడం? ఈ తూరి సరిగ్గా ఉంచినా గదా? ప్యాకెట్లు ఇస్తారు గదా?"

ఈ మనిషి తిట్టి ఉంటే బాగుండేది. పట్టుకుని నాలుగు బాది ఉన్నా బాగుండేది. మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తున్న ఆ కళ్ళలోకి చూడలేక హేమావతి తల దించుకుంది. తన చదువు మీద, తన చేతుల మీద అసహ్యం వేసింది.

"పాప తేరుకుంటుందిలే," అన్నాడు మార్కండేయ. "యశోదమ్మ చూసుకుంటుంది. బయట ఉన్నవాళ్ళవి తీసేద్దాం పద. వాళ్ళూ ఇట్లాగే పస్తు ఉండి ఉంటారు."

"నేను తీయను సార్."

"ఏమిటి?"

"తీయను. వాళ్ళు ఆకలితో ఉన్నారు. మీరు ఐసులో పెట్టింది కూడా లెక్కలోకి రాదు."

"నీ ఇన్నేళ్ళ పని ఇది, హేమా. నాది కాదు."

ఆమె వరండాలోకి వచ్చింది. లోపలి కేకలు విని తల్లులందరూ లేచి నిలబడి ఉన్నారు. రక్తం ఇచ్చాక తినిపించడానికి తెచ్చుకున్న టిఫిను డబ్బాలు వాళ్ళ సంచుల్లో ఉన్నాయి.

"పిల్లలకు అన్నం పెట్టండి," అంది హేమావతి. "ఇప్పుడే పెట్టండి. రక్తం తీయడంలేదు ఎవరికీ."

ఎవరూ కదల్లేదు. అందరికంటే ముందున్న బయమ్మ కూతుర్ని ఇంకాస్త గట్టిగా చంకకు అదుముకుంది.

"మమ్మల్ని పరీక్ష చేస్తాండావా మేడం?"

"లేదు బయమ్మా. ప్యాకెట్లు అందరికీ ఇస్తా. రక్తం ఇయ్యకపోయినా ఇస్తా."

"పోయిన తూరి గంగక్కను ఎట్ల తోలితిరో చూసినాం గదా," అంది బయమ్మ. మాటలో కోపం లేదు, జాగ్రత్త మాత్రమే ఉంది. "బొరుగులు తిన్నందుకే తోలితిరి. మేం పెట్టం మేడం. ఎంతసేపైనా ఉంటాం. మీరు రక్తం తీసుకోండి."

వెనకాలున్నవాళ్ళు అవునన్నట్టు తలలు ఊపారు. ఒకామె అయితే కొడుకు చొక్కా చెయ్యి పైకి మడిచి, సూదికి సిద్ధంగా ముందుకు చాపింది.

హేమావతి గచ్చు మీద కూలబడింది. "నేనూ ఈడిదాన్నే బయమ్మా. నా మాట నమ్ము తల్లీ," అంటూ బయమ్మ సంచిలో నుంచి డబ్బా తనే తీసి మూత ఊడదీసింది. చల్లటి అన్నం, పక్కన ఊరిబిండి పచ్చడి. కలిపి, చిన్న ముద్ద చేసి, బయమ్మ కూతురి నోటి దగ్గర పెట్టింది.

పిల్ల గుటక వేసింది. ముద్దను చూసింది. తల ఎత్తి తల్లి మొహం చూసింది. బయమ్మ అవుననలేదు, కాదనలేదు.

పిల్ల రెండు చేతులతో నోరు మూసుకుంది.