ఐదూ ఇరవైకి చూసిన జవాబు

“సంవత్సరమే కదా, అందరం సర్దుకుందాంలే” అన్నాడు మా ఆయన, నేను ఇస్త్రీ చేసిచ్చిన చొక్కా తొడుక్కుంటూ. ఆ ‘అందరం’లో ఎంతమంది ఉన్నారో వారం తిరగకుండానే తెలిసింది. ఐదింటికి లేచే మనిషి నాలుగింటికి లేవాలి, అంతే. అత్తగారి మందులు, అమ్మాయి జడ, ఆయన డబ్బా, సాయంత్రం మళ్ళీ పొయ్యి, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. సర్దుకున్నది నా నిద్ర ఒక్కటే.

నాకు ముప్పై తొమ్మిదేళ్ళు. పెళ్ళితో ఆగిపోయిన డిగ్రీని మూడేళ్ళ క్రితం సాయంత్రం కాలేజీలో మళ్ళీ మొదలుపెట్టాను. చివరి ఏడాది క్లాసులుండవు. ఏదైనా కంపెనీలో ఏడాది పొడుగునా పనిచేసి, అక్కడి పైవాళ్ళ చేత మంచి రిపోర్టు రాయించుకుని వస్తేనే డిగ్రీ చేతికిస్తారు. నేను తీసుకున్నది డిజిటల్ మార్కెటింగ్. అంటే ఏమిటని అత్తగారు అడిగితే, కంపెనీ వస్తువుల గురించి జనం ఫోన్లలో చూసేలా రాయడం, బొమ్మలు పెట్టడం, వాళ్ళు ఏమైనా అంటే జవాబివ్వడం అని చెప్పాను. “ఫోన్లో బొమ్మలు పెట్టడం కూడా ఒక చదువేనా? అలా అయితే మన వీధిలో పిల్లలంతా పట్టభద్రులే” అందావిడ. ఆవిడ మాటకారి. ఆ చమత్కారమంతా నా మీదే ఖర్చవుతుంది.

నాకు దొరికింది పరుపుల కంపెనీ. ఐదు గంటలు కూడా నిద్రలేని మొహంతో వచ్చి, ‘హాయిగా ఎనిమిది గంటలు నిద్రపోండి’ అని రాయడం నా పని. మా విభాగం రెండో అంతస్తులో. కిటికీ తెరిస్తే గోదాము గోడ, లోపల నాలుగు బల్లలు. సెక్షన్ హెడ్ నాకంటే ఏడేళ్ళు చిన్న. నన్ను ‘మేడమ్’ అనేవాడు. పైకి గౌరవమే. కానీ మేడమ్ అని పిలిచే మనిషిని ఎవరూ టీకి రమ్మనరు.

నాతోబాటే చేరిన ఇంకో స్టూడెంట్‌కి ఇరవై ఏళ్ళు. గడగడా మాట్లాడుతుంది, కూర్చున్న చోట కూర్చోదు. రెండో రోజుకే హెడ్ ఆ పిల్లకి ‘పిచ్చుక’ అని పేరు పెట్టాడు. మొదటి రోజు నన్ను ‘ఆంటీ’ అనబోయి, నా మొహం చూసి ‘అక్కా’ అని దిద్దుకుంది. నేను నవ్వాను. నవ్వుతూనే ఆ పిల్ల చేతులు చూశాను. కోసిన గాటు గానీ కాలిన మచ్చ గానీ లేని చేతులు.

నా కుళ్ళు అక్కడ మొదలైందని చెప్పాలి. పొద్దున తొమ్మిదిన్నరకి ఆ పిల్ల తలంటుకున్న జుట్టుతో, నిద్ర తీరిన కళ్ళతో వచ్చేది. అప్పటికి నేను లేచి ఐదున్నర గంటలయ్యేది. మధ్యాహ్నం వాళ్ళమ్మ వేడి డబ్బా తెచ్చి కింద కాపలా మనిషికి ఇచ్చి వెళ్ళేది. మూత తీస్తే ఆవిరి వచ్చేది, చెంచా గుడ్డలో చుట్టి ఉండేది. నా డబ్బా నేను కట్టుకున్నదే, తెల్లవారుజామున చల్లారిందే. “అక్కా, మా అమ్మ ఎక్కువ పెట్టింది, తీసుకో” అని ఆ పిల్ల ముద్ద పక్కన పెడితే, తిని, తిన్నందుకు ఇంకా మండిపోయేదాన్ని. అన్నిటికంటే కష్టం సాయంత్రాలు. ఐదున్నరకి నేను బస్సు కోసం పరుగెత్తాలి. ఆరు దాటాక హెడ్ కుర్చీ వెనక్కి వాల్చి, టీ తెప్పించి, పిచ్చుకతో, మిగతావాళ్ళతో తీరిగ్గా మాట్లాడతాడట. రేపేం చేయాలి, ఎవరు చేయాలి అన్నీ అప్పుడే తేలిపోతాయి. మర్నాడు పొద్దున నేను వచ్చేసరికి అవి నిర్ణయాలై కూర్చునుండేవి. అలా నేను ఆరు నెలలు, ముందే అయిపోయిన మాటల మధ్యకి వస్తూ పోయాను.

ఏడో నెలలో ఒక పొద్దున మీటింగులో హెడ్, “జనం ఆగి చదివేది ఏమైనా చెప్పండి” అన్నాడు. నా నోట్లోంచి వచ్చేసింది. “‘మీ ఇంట్లో అందరికంటే చివర పడుకునేది ఎవరు?’ అని అడుగుదామండీ.”

ఆయన పెన్ను తిప్పుతూ ఆలోచించాడు. “కొంచెం దిగులుగా ఉంది మేడమ్. మనం అమ్మేది హాయిని కదా.”

మూడు రోజుల తర్వాత వచ్చి చూస్తే అదే ప్రశ్న కంపెనీ పేజీ మీద ఉంది. వీధంతా చీకటి, ఒక్క కిటికీలో దీపం, కింద నా మాటలు. బొమ్మ గీసింది పిచ్చుక. “చూశారా మేడమ్, పిచ్చుక ఏం పట్టుకొచ్చిందో!” అన్నాడు హెడ్. నా నోటి ముద్ద తీసుకుని ఎవరో నమిలి, నా ముందే రుచి చెప్తున్నట్టనిపించింది. ఆ పిల్ల ఏదో అనబోయి ఆయన మొహం చూసి ఆగింది. దొంగకి మాట రాలేదనుకున్నాను. ఇంటికొచ్చి చెబితే మా ఆయన టీవీ మీంచి కళ్ళు తీయకుండా, “పోనీలే, ప్రశ్నలకి కూడా పేటెంట్లా?” అన్నాడు.

ఆ ప్రశ్నకి ఒక్క రోజులో మూడు వేల జవాబులొచ్చాయి. నేనే, అమ్మే, అమ్మమ్మే, మా కోడలే. ‘పడుకోవడం చివర, లేవడం మొదట’ అని ఒకామె. ‘ఇంతవరకూ నన్నెవరూ ఇది అడగలేదు’ అని ఇంకొకామె. అవన్నీ నాకొచ్చిన ఉత్తరాల్లా చదివాను. నాకొచ్చినవి కావు. వాటి మీద పేరు పిచ్చుకది.

వాటికి తిరిగి జవాబులు రాయడం మా ఇద్దరి పనీ. హెడ్ అమ్మకి, భార్యకి, భర్తకి, మిగతావాళ్ళకి అని నాలుగు రెడీమేడ్ జవాబులు రాసిచ్చి, వాటిలోంచి సరిపోయేది అతికించి త్వరగా కానివ్వమన్నాడు. సాయంత్రం నేను వెళ్ళాక మిగిలినవన్నీ ఆ పిల్లే చూడాలి.

ఆ గురువారం ఐదూ ఇరవైకి నేను బ్యాగు భుజాన వేసుకుని, చివరిసారి స్క్రీన్ వైపు చూశాను. ఒకామె ఇలా రాసింది: ‘మా ఇంట్లో చివర పడుకునేది మా ఆయన. తలుపులు, గ్యాసు అన్నీ చూసొచ్చి పడుకునేవాడు. ఆయన పోయి రెండు నెలలైంది. ఇప్పుడెవరూ చూడటం లేదు.’ దాని కింద కంపెనీ పేరుతో అప్పుడే జవాబు వెళ్ళింది: ‘ఎంత మంచి భర్త! ఈ రోజే మా కొత్త పరుపు తెచ్చి ఆయన్ని హాయిగా పడుకోబెట్టండి.’

పిచ్చుక మొదటి వాక్యం మాత్రమే చదివి అతికించేసిందని అర్థమైంది. ఆ పిల్ల నా పక్క బల్ల దగ్గరే, చెవుల్లో వైర్లు పెట్టుకుని, తర్వాతి జవాబులు గబగబా అతికిస్తోంది. భుజం తడితే చాలు. అసలు నేనే తీసేయొచ్చు, రెండు నొక్కులు. నా చేయి లేవలేదు. ‘చూడనీ. వాళ్ళ పిచ్చుక ఏం పట్టుకొచ్చిందో అందరూ చూడనీ’ అనుకున్నాను. “వెళ్ళొస్తా” అన్నాను. వైరు తీసి “జాగ్రత్తక్కా” అంది.

నిజం చెప్పాలి కాబట్టి చెప్తున్నాను. ఆ సాయంత్రం బస్సులో నిలబడే వెళ్ళినా కాళ్ళు లాగలేదు. కూర కూడా బాగా కుదిరింది.

తెల్లారేసరికి ఆ జవాబు ఫోటో వేల ఫోన్లకి పాకింది. చచ్చిపోయిన మనిషికి పరుపు అమ్ముతున్నారని తిట్టని వాడు లేడు. ఆఫీసుకి వెళ్ళేసరికి హెడ్ మొహంలో నెత్తురు చుక్క లేదు. పిచ్చుకని పై అంతస్తుకి పిలిపించారట. మధ్యలోనే పనిలోంచి తీసేసి కాలేజీకి ఉత్తరం రాస్తారట. అంటే ఆ పిల్లకి ఏడాది పోయినట్టే. “ఇకనుంచి జవాబుల పనంతా మీదే మేడమ్. మీకు వయసు, బాధ్యత ఉన్నాయి” అన్నాడు. ఏడు నెలలుగా ఎదురుచూసిన మాట. అది విన్నాక దాహం వేసింది, నీళ్ళ కోసం కిందకి వెళ్ళాను.

మెట్ల దగ్గర ఒకామె డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చునుంది. నా వయసే ఉంటుంది. వేళ్ళు ఉబ్బి, చర్మం పొరలు లేచిపోయి ఉన్నాయి. నన్ను చూసి లేచింది.

“మీరేనా అక్క? ఫోటోలో చూశాను. నేను దాని అమ్మని.”

నేను తలూపాను.

“పొద్దున ఫోన్ చేసి ఒకటే ఏడుపు. డబ్బా వద్దంది. తిండి మానేస్తే పోయిన పని వస్తుందా చెప్పండి? హాస్పిటల్ దుప్పట్లు ఉతికే చోట గంట పర్మిషన్ అడిగి వచ్చాను.” డబ్బా నా చేతికివ్వబోయి, మళ్ళీ ఆగింది. “ఇంట్లో రోజూ మీ జపమేనండీ. ఆ ప్రశ్న మీదేనటగా? ‘అది అక్కదమ్మా, బొమ్మ మాత్రమే నాది అని సార్‌కి చెప్పాను, ఎవరిదైతేనేం అన్నారు’ అని గింజుకుంది. మీకు చెప్పాలంటే సిగ్గుపడింది.”

“మీరెన్నింటికి లేస్తారు?” అని అడిగాను. ఎందుకడిగానో నాకే తెలియదు.

“మూడున్నరకి. వండిపెట్టి ఐదింటి డ్యూటీకి పోవాలి. మధ్యాహ్నం డబ్బా వేడిగా ఇవ్వాలని మళ్ళీ ఇంటికొస్తాను. దాని చేత గరిటె పట్టించలేదండీ. నేను పడ్డది చాలు.”

నేను మెట్టు మీద కూర్చుండిపోయాను. ఏడు నెలలు నేను ఏ చేతుల్ని చూసి కుళ్ళుకున్నానో వాటి వెనక ఈ చేతులున్నాయి. మా ఆయన మడత నలగని చొక్కా వెనక నేనున్నట్టే. నేను పడి ఏడ్చింది ఆ పిల్ల తెలివిని చూసి కాదు, వయసుని చూసి కాదు. వెనక ఒక మనిషి ఉండటాన్ని చూసి. అలాంటి మనిషి నాకు లేదు. నాకు లేదన్న కోపం, ఉన్నవాళ్ళందరిలోకీ చిన్నదాని మీద, ఎదురు తిరగలేని దాని మీద తీర్చుకున్నాను. ఇంట్లో ఉన్నవాళ్ళని ఒక్క మాట అనలేదు.

పైకి వెళ్ళి హెడ్ బల్ల ముందు నిలబడ్డాను.

“ఆ జవాబు నేను నిన్న ఐదూ ఇరవైకి చూశానండీ.”

“చూశారా? గమనించలేదా?”

“గమనించాను. తీసేయొచ్చు కూడా. తీయలేదు.”

“ఎందుకు?”

“అసూయ వల్ల.”

ఆగితే ధైర్యం చాలదని మిగతాదీ నేనే చెప్పేశాను. “రెడీమేడ్ జవాబులు అతికించమన్నది మీరు. వందల జవాబులు ఒక స్టూడెంట్ మీద వదిలేసిందీ మీరు. చూసి వదిలేసింది నేను. పొరపాటు ముగ్గురిదీ అయితే ఏడాది ఒక్కదానికే ఎందుకు పోవాలి? పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం ఎందుకండీ? ఉత్తరం రాస్తే మూడు పేర్లూ రాయండి.”

మూడో పేరు తనదని ఆయనకి అర్థమవడానికి ఒక క్షణం పట్టింది. ఉత్తరం వెళ్ళలేదు. పిచ్చుక ఉండిపోయింది. జవాబుల పని నా నుంచి తీసేశారు. నా రిపోర్టులో ‘నమ్మదగిన మనిషి కాదు’ అన్న మాట పడుతుందని హెడ్ ముందే చెప్పాడు, నేను కాదనలేదు. ఆ భర్త పోయినామెకి క్షమాపణ మేమిద్దరం కలిసి రాశాం. పిచ్చుక టైపు చేసింది, నేను చెప్పాను. మధ్యలో ఒక్కసారి కూడా నన్ను అక్కా అనలేదు. డబ్బా తెరిచి తన మటుకు తను తిన్నది. అలాగే తినాలి.

కానీ ఆ సాయంత్రం వెళ్ళేముందు హెడ్‌ని ఒకటి అడిగాను. ఆరు తర్వాత జరిగే మాటల్లో నేనూ ఉంటానని. ఆయన, “మీకు ఇల్లు కదా మేడమ్” అన్నాడు. “అందరికీ ఇల్లే ఉంటుందండీ” అన్నాను.

ఇంటికొచ్చి జరిగింది మొత్తం చెప్పాను. మా ఆయన తల పట్టుకున్నాడు. “చేతికొచ్చిందాన్ని కాలదన్నుకోవడమంటే ఇదే. ఎవరడిగారు నిన్ను?”

“ఎవరూ అడగలేదు. రేపటినుంచి నేను ఏడున్నరకి వస్తాను. ఇంకా ఐదు నెలలుంది.”

అత్తగారు మందుల డబ్బా మూత పెడుతూ, “ఏడున్నరకా? మరి రాత్రికి వంట?” అంది.

మా అమ్మాయి, తొమ్మిదో క్లాసు చదువుతున్న పిల్ల, ఎవరూ చెప్పకుండానే పుస్తకం మూసి వంటింటి వైపు లేచింది.

“నువ్వు కూర్చోమ్మా” అన్నాను, ఆయన్ని చూస్తూ.