టైగర్ కుబుసం

ప్రసాదానికి రవ్వ దోరగా వేగుతుండగా హాల్లోంచి భర్త రమణబాబు ఫోన్లో మాట్లాడుతున్నది వినబడింది.

"అచ్ఛా శంకరరావు గారూ, వ్రతానికి జల్దీ వచ్చీండి. మా టైగర్ ఇవాళ కుబుసం విడుస్తాడు. లైవ్‌లో సూద్దురు గాని. నేనే లాగుతాను!"

నేనే లాగుతాను అన్న మాట దగ్గర ప్రసూన చేతిలో గరిట ఆగింది. రవ్వ మాడితే అత్తగారు ఏడాదంతా చెప్పుకుంటుందని గుర్తొచ్చి మళ్ళీ తిప్పింది.

టైగర్ అంటే బల్లి. పసుపు ఒంటి మీద నల్లమచ్చలు, జానెడు పొడవు. హాల్లో టీవీ పక్కన గాజుపెట్టెలో దాని కాపురం. రమణబాబు రైల్వే లోకో షెడ్డులో పెద్ద మిస్త్రీ. కలకత్తాలో ఎవరింట్లోనో చూసి ముచ్చటపడి దీన్ని తెచ్చుకున్నాడు. తేవడం వరకే ఆయన పని. దానికోసం తవుడు డబ్బాలో పురుగులు పెంచడం, పెట్టె కడగడం, నీళ్ళు మార్చడం ప్రసూన పని. క్వార్టరుకి ఎవరైనా వస్తే మాత్రం ఆయన గాజు మీద వేలితో టకటకా కొట్టి "నా పెంపకం" అంటాడు. కూతురు శ్వేత ఫస్టు క్లాసులో పాసైన రోజు కూడా మిఠాయి పంచుతూ అదే మాట అన్నాడు. అప్పుడు శ్వేత ఏ గ్రూపు చదువుతోందో ఎవరో అడిగితే వంటింటి వైపు తిరిగి "ఏటే, మనమ్మాయిది ఏ గ్రూపు?" అని కేకేశాడు. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా ఆయనే నవ్వాడు.

పోయినసారి టైగర్ కుబుసం విడిచినప్పుడు షెడ్డు స్నేహితులకి వీడియో పంపాలని ఒక చేత్తో ఫోను పట్టుకుని ఇంకో చేత్తో తోలు లాగాడు. తోలుతో పాటు కాలివేలు ఊడొచ్చింది. ప్రసూన అయ్యో అంటే, "ఒక్క వేలే కదే, ఇంకా బోలెడున్నాయి" అన్నాడు. షెడ్డులో ఇంజనుకి ఒక్క బోల్టు వదులైనా పై ఆఫీసరు అడుగుతాడని అన్నం మానేసి కూర్చునే మనిషి. అక్కడ అడిగేవాడున్నాడు. ఇక్కడ బల్లి అడగదు, ప్రసూనా అడగదు. ఆయన జాగ్రత్తంతా అడిగేవాళ్ళ కోసమేనని ఆమెకి ఆ రోజు అర్థమైంది. అర్థమయ్యాక ఆయనకి అన్నం వడ్డించడం మానలేదు గానీ, ఎలా ఉందని అడగడం మానేసింది.

నిన్నటి నుంచి టైగర్ ఒళ్ళు విభూతి పూసినట్టు తెల్లబడింది. తిండి ముట్టలేదు. ఈసారి ఆయన చేతికి దొరకనివ్వకూడదని ప్రసూన తెల్లవారగానే ఒక స్వీటు డబ్బాకి కన్నాలు పెట్టి, లోపల తడిగుడ్డ పరిచి, బల్లిని అందులో ఉంచి, దేవుడి గదిలో పీట కింద దాచింది. పిలవకుండా రమణబాబు అడుగుపెట్టని గది ఆ ఇంట్లో అదొక్కటే.

అత్తగారు అసిరమ్మ కనిపెట్టేసింది. "బల్లిని ముట్టుకుంటే తలకి నీళ్ళోసుకోవాల. ఆ సేతుల్తోటి ప్రసాదం సేస్తావేటే?"

ప్రసూన తలస్నానం చేసి వచ్చి వంట మొదలుపెట్టింది. దేవుడంటే ఆమెకీ భయభక్తులున్నాయి. కానీ ఇదే అత్తగారు కంచిలో బంగారు బల్లిని తాకడానికి మండుటెండలో నిలబడి, పాపాలన్నీ పోయాయని మురిసింది. లోహంతో చేస్తే పుణ్యం, ప్రాణముంటే మైల. ఈ ఏర్పాటు నీదేనా స్వామీ అని దీపం పెడుతూ అడిగింది. నిష్ఠూరంగా కాదు, తెలుసుకుందామనే.

సాయంత్రానికి కుబుసం చాలావరకు వచ్చేసింది. వచ్చిందాన్ని వచ్చినట్టే టైగర్ నమిలి మింగేసింది. ఎడమకాలి వేళ్ళకి మాత్రం ఎండిన తోలు దారం చుట్టినట్టు బిగుసుకుపోయింది. అలాగే వదిలేస్తే వేళ్ళు చచ్చుబడతాయి. ప్రసూన దేవుడి గదిలోనే కూర్చుని దాన్ని అరచేతిలో పెట్టుకుని, గోరువెచ్చని నీళ్ళలో ముంచిన దూదితో ఒక్కో వేలినీ తడిపి, నానాక మెల్లగా దొర్లించసాగింది. ఆఖరి వేలు మిగిలింది.

"పంతులుగారు వచ్చి కూకున్నారే! పీటల మీద కూకోవాల్సిన దానివి, బల్లితో ఏటే నీకు సరసాలు?" అసిరమ్మ గుమ్మంలోంచి అరిచింది.

"ఒక్క నిమిషం అత్తా."

ఆ ఇంట్లో ఒక్క నిమిషం అనేది ఎప్పుడూ మగవాళ్ళ మాట. వినగానే రమణబాబు ఎవరూ పిలవకుండానే పట్టుపంచెతో, ఫోనుతో వచ్చేశాడు. వెనకాలే షెడ్డు స్నేహితులు శంకరరావు, రాంప్రసాద్.

"ఇక్కడ దాచావా వీణ్ణి? ఇలాగియ్యి. ఒక్క లాగు లాగితే అయిపోద్ది. శంకరరావు గారూ, దేఖో!"

ప్రసూన రెండో అరచేయి బల్లి మీద కప్పింది. "ముట్టుకోకండి."

"ఏటీ?"

"పోయినసారి మీరు లాగిన వేలు మళ్ళీ రాలేదు. ఇంకో మాట. ఇది మగది కాదు. ఏటేటా గుడ్లు పెడతంది. మీ టైగర్ పరువు పోద్దని నేనే తులసికోట దగ్గర మట్టిలో కప్పెట్టీస్తన్నాను."

ముందు రాంప్రసాదే పకపకా నవ్వాడు. "అరే రమణా! ఇన్నేళ్ళూ పెంచి ఇది కూడా తెలీదా నీకు?"

రమణబాబు ఫోను కిందికి దించాడు. లాగడానికి చెయ్యి ముందుకు రాలేదు. అడిగేవాళ్ళు ఎదురుగా ఉన్నారు కదా.

ఆఖరి వేలి తోలు తడి ఉల్లిపొరలా జారి వచ్చేదాకా ప్రసూన తల ఎత్తలేదు. తర్వాత బల్లిని డబ్బాలో పెట్టి, చేతులు కడుక్కుని, పంతులుగారి ముందుకొచ్చింది.

"బల్లిని ముట్టుకున్నానండి. మళ్ళీ తలస్నానం చెయ్యను. ఇలాగే కూర్చోమంటే కూర్చుంటాను."

పంతులుగారు రమణబాబుని చూశారు. రమణబాబు వచ్చినవాళ్ళని చూశాడు. ఇల్లాలు పక్కన లేకుండా పీటల మీద కూర్చుంటే వాళ్ళు రేపు షెడ్డులో ఏమనుకుంటారో ఆయన మొహంలోనే కనబడుతోంది. "కానీండి పంతులుగారూ" అన్నాడు నీరసంగా.

కొంగుముడి వెయ్యడానికి అసిరమ్మ ఎప్పటిలాగే ముందుకు వంగింది. ఆమె వేసే ముడులు పళ్ళతో లాగినా ఊడవు.

"నేనే వేసుకుంటానత్తా" అని ప్రసూన ఆమె చేతిలోంచి రెండు కొసలూ తీసుకుంది. ముడి అందంగా కుదిరింది. ఎక్కడ లాగితే ఊడుతుందో ప్రసూనకొక్కదానికే తెలుసు.