ఖాళీ కడుపుతో రావాలి

ఫెంగ్-జు ఆలిచిప్ప సందులో కత్తి మొన దూర్చి, మణికట్టు తిప్పి, మెత్తటి మాంసాన్ని బకెట్లోకి జార్చింది. పెళ్ళయిన నాటి నుంచీ ఇదే పని. వేళ్ళ మీద పాత కోతలు తెల్లగా గీతలు కట్టాయి. ఈమధ్య సాయంత్రమయ్యేసరికి రబ్బరు బూట్లు కాళ్ళను పట్టేస్తున్నాయి. బూట్లే కుంచించుకుపోయాయని ఆమె తీర్మానించుకుంది. కళ్ళు పచ్చబడిన నేరం చిప్పలు ఒలిచే షెడ్డు దీపం మీదికి నెట్టింది.

ఆ ఉదయం షెడ్డు ఆడవాళ్ళంతా మాజు అమ్మవారి గుడి ఆవరణకు వెళ్ళారు. లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే మిషన్‌ను పట్నం ఆసుపత్రి వాళ్ళు వ్యానులో తెచ్చారు. ఆ తీరంలో లివర్ జబ్బు పిలవకుండా వచ్చే చుట్టం. ఫెంగ్-జు వాళ్ళన్న ఒకప్పుడు ఇలాంటి పరీక్షకే నడిచి వెళ్ళాడు. ఆ ఏటి అమ్మవారి పండగ లోపే శవాన్ని మోసుకొచ్చారు. పరీక్షే చంపిందని ఆమె నమ్మకం, షెడ్డులో అందరి నమ్మకం.

తప్పించుకునే ఉపాయం అందరికీ తెలుసు. కడుపులో తిండి పడితే లివర్‌కు రక్తం పోటెత్తి అంకె పెరుగుతుంది, ఆ అంకె చెల్లదు. అందుకే ఖాళీ కడుపుతో రమ్మని మైకు అరిచినకొద్దీ వరసలో జిగురుబియ్యం ముద్దల పొట్లాలు విప్పుకుంటున్నారు.

"ఇదిగో, నువ్వూ ఓ ముద్ద నోట్లో వేసుకోవే," అంది షెడ్డులో పక్క పీట మీద కూర్చునే యుయె-కుయె.

"వద్దక్కా. వాసనకే తిప్పుతోంది."

"నిన్నా ఇదే కూశావు."

తెర వెనక మిషన్ దగ్గర సిన్-యీ అనే అమ్మాయి ఫెంగ్-జును పడుకోబెట్టి, పక్కటెముకల మధ్య చల్లటి జెల్ రాసింది. మిషన్ మొన ఆనించిన ప్రతిసారీ లోపల ఎవరో వేలితో తట్టినట్టయింది. తట్టు తట్టుకూ మిషన్ మీద ఒక అంకె.

"పొద్దున్నించీ ఒక్కరివీ కుదర్లేదు పెద్దమ్మా! అంకెలు తలో దిక్కుకీ పోతే నమ్మలేం. మీవి పదీ ఒకే మాట మీదున్నాయి," అని ఆ పిల్ల సంబరపడింది. తర్వాత ఆ మాట ఏమిటో చూసింది. సంబరం ఆగిపోయింది.

"ఏమైనా తిన్నారా?"

"తిన్నాను. చేపల గంజి."

"గంజికి ఇంత పెరగదే."

"రెండు గిన్నెలు."

"అయినా..."

"ఆలిచిప్పల అట్టు కూడా."

"నా కళ్ళముందే మింగిందమ్మా, నాకు ముక్క మిగల్చలేదు!" అని తెర అవతలి నుంచి యుయె-కుయె సాక్ష్యం పలికింది. వరసంతా గొల్లున నవ్వింది.

సిన్-యీ నవ్వలేదు. "తిన్నా సరే, ఇది ఎక్కువే. రేపే ఆసుపత్రికి రండి. ఏమీ తినకుండా. మాటివ్వండి."

ఫెంగ్-జు మాటిచ్చింది. మాటదేముంది, ఇవ్వొచ్చు.

షెడ్డుకు తిరిగి రాగానే యుయె-కుయె గొంతు తగ్గించింది. "నిజం చెప్పవే. పొద్దున్నుంచి ఏం తిన్నావు?"

"మంచినీళ్ళు."

"మరి నిన్న?"

ఫెంగ్-జు ఇంకో చిప్ప అందుకుంది. "పండగ వెళ్ళనీ అక్కా. చూద్దాంలే."

ఆ పూట యుయె-కుయె ఇంక ఒక్క వేళాకోళమూ ఆడలేదు. ఆమెను ఎరిగినవాళ్ళెవరైనా భయపడవలసిన సంగతి అది.

పొద్దుగుంకే వేళ ఆమె మంచినీటి గుల్లల్ని అల్లం వేసి మరిగించింది. లివర్‌కు అంతకన్నా మందు లేదని ఊరి నమ్మకం. ఆ గిన్నె పట్టుకుని ఫెంగ్-జు ఇంటి గుమ్మం ముందు నిలబడింది.

"ఏమే! ఇది తాగి పడుకో. తెల్లారి నేనే తీసుకెళ్తా. దొంగసాక్ష్యం చెప్పానని ఆ పిల్లతో నేనే చెప్పుకుంటా. తిడితే నన్నే తిడుతుంది."

ఇంకోసారి పిలిచింది. గిన్నెను గడప మీద పెట్టి లోపలికి వెళ్ళింది.

ఫెంగ్-జు స్నానాల గదిలో గోడకు ఆనుకుని, మోకాళ్ళ మధ్య బకెట్ పెట్టుకుని, పనిలో ఉన్నట్టే కూర్చుని ఉంది. బకెట్లో, కక్కిన రక్తం నల్లగా ఉంది. యుయె-కుయె చల్లబడిన ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు రుద్దింది, వేడెక్కుతుందేమోనని.

గడప మీద గిన్నె అలాగే ఉండిపోయింది. అల్లం తురుము అడుగుకు దిగింది. పాలలాంటి రసం మీద సన్నగా మీగడ కట్టసాగింది.